పిల్లలు ఇల్లు విడిచి ఎందుకు పోతారు?

(గాంధారిలో మహిళా సంఘాల అక్కచెల్లెళ్ల ముందు చేసిన ప్రసంగం)



ఇయ్యాల ఒక కష్టమైన ముచ్చట మాట్లాడుకుందాం. పిల్లలు ఇల్లు విడిచి ఎందుకు పోతారు? పోతే మనం ఏం చెయ్యాలి? తిరిగి వస్తే ఏం చెయ్యాలి?

ఈ ముచ్చట నలుగురిలో ఎవరూ ఎత్తరు. పక్కింటి పిల్లగాడు పోతే గుసగుసలాడుకుంటాం. మన ఇంటి పిల్ల పోతే తలుపు వేసుకుని ఏడుస్తాం. ఎవరన్నా అడిగితే, "మేనమామ ఇంటికి పోయింది" అని చెప్తాం. ఇట్ల దాచుకుంటూ పోతే ఎవరి కష్టం వాళ్లకే మిగులుతుంది. అందుకే గట్టిగా మాట్లాడుకుందాం.

మన ఒక్క ఇంటి సంగతి కాదు

మన గాంధారికి రైలు లేదు. కానీ కామారెడ్డికి బస్సు ఉంది. కామారెడ్డిలో రైలు ఉంది. ఆ పట్టాల మీద ఒక దిక్కు పోతే నిజామాబాద్, నాందేడ్, ముంబయి. ఇంకో దిక్కు పోతే సికింద్రాబాద్. పొద్దున ఇంట్లో అలిగిన పిల్లగాడు తెల్లారేసరికి భాష తెలియని ఊళ్లో ఉండొచ్చు.

రైల్వే స్టేషన్లలో కాపలా ఉండే పోలీసులు ఉన్నారు. వాళ్లను ఆర్.పి.ఎఫ్. అంటారు. 2018 నుంచి 2024 మే నెల దాకా దేశమంతా కలిపి వాళ్లు 84,119 మంది పిల్లలను స్టేషన్లలో, రైళ్లలో కాపాడారు. ఒక్క 2018 లోనే 17,112 మంది దొరికారు. వాళ్లలో 13 వేల మందికి పైగా ఇంట్లో నుంచి తమంతట తామే వచ్చినవాళ్లు. అంటే నలుగురిలో ముగ్గురు!

మనం ఏమనుకుంటాం? పిల్ల కనపడకపోతే ఎవడో ఎత్తుకపోయిండు అనుకుంటాం. కానీ చాలామంది పిల్లలు తమ కాళ్లతోనే గడప దాటుతున్నారు. ఎందుకు దాటుతున్నారు? అదే మనం ఆలోచించాలి.

సుఖం నుంచి ఎవరూ పారిపోరు

పాత రోజులు గుర్తు చేసుకోండి. చిన్న పిల్లలను దొరల దగ్గర, పెద్ద రైతుల దగ్గర జీతం పెట్టేవాళ్లు. అప్పు తీరేదాకా ఆ పిల్లగాడు పశువులు కాయాలి, పేడ తీయాలి, దెబ్బలు తినాలి. కొందరు రాత్రికి రాత్రి పారిపోయేవాళ్లు. ఊరు ఏమనేది? "తిన్నది అరగక పోయిండు" అనేది. అది నిజమా? కాదు. కడుపు నిండక పోయిండు. దెబ్బలకు ఓర్వలేక పోయిండు. 1976 లో ఆ వెట్టిని చట్టం రద్దు చేసింది. ఆ చట్టం వచ్చినంక గాని, తప్పు పారిపోయిన పిల్లగాడిది కాదని చాలామంది ఒప్పుకోలేదు.

ఇయ్యాల పారిపోయే పిల్లల సంగతి కూడా అంతే. వాళ్లు నోటితో చెప్పలేని మాట కాళ్లతో చెప్తున్నారు. ఆ మాట ఏమిటో వినాలి.

మొదటిది, దెబ్బలు. ఇంట్లో దెబ్బలు, బడిలో దెబ్బలు. బడిలో పిల్లలను కొట్టరాదు, అవమానించరాదు అని 2009 విద్యాహక్కు చట్టం చెప్తుంది. మన ఇంట్లో మాత్రం, "కొట్టకపోతే మాట వింటరా?" అంటాం. ఒకటి చూడండి. కొట్టిన దెబ్బ సాయంత్రానికి మానుతుంది. అందరి ముందు తిట్టిన తిట్టు మానదు. పదిహేనేండ్ల పిల్లకు అన్నం కన్నా మర్యాద ఎక్కువ.

రెండోది, తాగుడు. రాత్రి అయితే నాయన తాగి వస్తాడు. గిన్నెలు ఎగురుతాయి. తల్లిని కొడతాడు. పిల్లలు మూలకు నక్కి చూస్తుంటారు. అట్లాంటి ఇంట్లో పిల్లలకు చీకటి పడుతుందంటేనే భయం. "ఈ ఇల్లు కాకుంటే చాలు" అనిపిస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. అక్కడి ఆడవాళ్లు మీలాగే పెద్ద వయసులో అక్షరాలు నేర్చుకున్నారు. చదువుకునే పుస్తకంలో సారా గురించి ఒక పాఠం వచ్చింది. అది చదివి, "ఇది మన ఇంటి కథే" అన్నారు. అందరూ కలిసి ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. ఇది 1992 నాటి మాట. ఆ ఉద్యమం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఒక్క ఇంటి ఏడుపును నలుగురూ కలిసి మాట్లాడుకుంటే ఎంత బలం వస్తుందో చూడండి.

మూడోది, పరీక్ష. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు చాలా ఇండ్లల్లో పొయ్యి వెలగదు. తప్పిన పిల్లగాడు ఇంటికి రావడానికి భయపడతాడు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినంక మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లుల కడుపుకోత తీరేది కాదు. అక్కలారా, ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. పరీక్షకు సప్లిమెంటరీ ఉంది. పిల్లకు సప్లిమెంటరీ లేదు. ఫలితాలు రాకముందే పిల్లకు చెప్పండి: "పాసైనా ఫెయిలైనా సక్కగ ఇంటికే రా."

నాలుగోది, పెళ్లి. ఆడపిల్ల తొమ్మిదో తరగతి చదువుతుంటది. ఇంట్లో సంబంధం చూస్తారు. పిల్లను అడగరు. పిల్ల ఏడిస్తే, "అందరూ చేసుకోలేదా?" అంటారు. ఆ పిల్ల ఎటు పోవాలి? కొందరు చదువు కోసం పోతారు. కొందరు ఎవడో మంచిగ మాట్లాడితే వాని వెంట పోతారు. 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకు 18 ఏండ్లు, మగపిల్లగానికి 21 ఏండ్లు నిండాలి. అంతకు ముందు చేస్తే నేరం. పెళ్లి చేసిన పెద్దలకు జైలు పడుతుంది.

ఐదోది, చెప్పుకోలేని బాధ. చుట్టం అని వచ్చినవాడు, పక్కింటివాడు, ఒక్కోసారి ఇంట్లోవాడే పిల్ల మీద పాడు చెయ్యి వేస్తాడు. పిల్ల తల్లికి చెప్తే తల్లి, "ఊకో, బయట అనకు" అంటుంది. అప్పుడు పిల్లకు ఆ ఇంట్లో ఎవరూ లేనట్టే. ఇట్లాంటి పిల్ల ఎందుకు పోయిందో ఎవరికీ చెప్పదు. ఊరు మాత్రం ఆ పిల్లకే పేరు పెడుతుంది.

ఆరోది, పట్నం మోజు. సినిమాల్లో చేరుతా, మస్తు పైసలు సంపాదిస్తా అని పోయేవాళ్లు. ఫోనులో పరిచయమైనవాడు రమ్మంటే పోయేవాళ్లు. "ఫలానాయన గూడ ఇంట్లకెంచి పోయే పెద్దోడైండు" అంటారు.

అట్లాంటివాళ్లు ఉన్నారు. కాదనను. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరు విన్నారు కదా! ఆ పేరు ఒక సినిమా దర్శకుడిది. ఆయనది ఏలూరు దగ్గర సోమవరప్పాడు. ఇంట్లో అప్పులు పెరిగాయి. 1930 ప్రాంతంలో వంద రూపాయలతో, ఎవరికీ చెప్పకుండా బొంబాయి పోయాడు. చిన్న చిన్న పనులు చేశాడు. మెల్లగా నటుడయ్యాడు, పెద్ద దర్శకుడయ్యాడు. 1982 లో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది.

కానీ అక్కలారా, ఆయన అప్పటికి ఇరవై ఏండ్లు దాటిన పెండ్లయిన మనిషి. పన్నెండేండ్ల పిల్లగాడు కాదు. ఇంకొకటి, గెలిచిన ఒక్కరి కథ అందరూ చెప్తారు. ఓడినవాళ్ల కథ చెప్పడానికి ఎవరూ మిగలరు.

పోయిన పిల్లలు ఏమవుతారు?

కొత్త ఊళ్లో పిల్ల బండి దిగుతుంది. ఆకలి. భయం. చేతిలో పైసలు అయిపోయినయి. అప్పుడు మొదట పలకరించేది ఎవరు? అంతా దాని మీదే ఉంది. పోలీసో, పిల్లలను చూసుకునే సంస్థవాళ్లో పలకరిస్తే ఇల్లు చేరుతుంది. దళారి పలకరిస్తే ఏమవుతుంది? వాడు మొదట టీ తాగిపిస్తాడు. "పని ఇప్పిస్తా, పండుకోను జాగ ఇప్పిస్తా" అంటాడు. తర్వాత మగపిల్లగాడిని కార్ఖానాకు, హోటలుకు పంపుతాడు. ఆడపిల్లను అమ్ముతాడు.

2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. ఎక్కువ మంది బీహారు పిల్లలు. దళారులు తెచ్చి పనిలో పెట్టిన పిల్లలు. గాలి రాని గదుల్లో పొద్దుందాక పని. స్టేషన్లో ఒంటరిగా కూర్చున్న పిల్ల కూడా అట్లాంటి దళారి కంట్లోనే పడుతుంది.

అందుకే మొదటి రాత్రి చాలా ముఖ్యం. ఆ మొదటి రాత్రి మనం ఏం చేస్తున్నాం? పరువు పోతుందని ఎవరికీ చెప్పక ఇంట్లో కూర్చుంటున్నాం.

పోయిన రోజు ఏం చెయ్యాలి?

దాచొద్దు. ఇదే మొదటి మాట. చుట్టాల ఇండ్లు, దోస్తుల ఇండ్లు వెతకండి. వెతుకుతూనే పోలీసు స్టేషనుకు పోండి.

"ఒక రోజు ఆగి రండి" అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. అట్లాంటి నియమం ఏదీ లేదు. 18 ఏండ్ల లోపు పిల్ల కనపడకపోతే వెంటనే కేసు రాయాలని 2013 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. "మా స్టేషను కిందికి రాదు" అన్నా ఒప్పుకోవద్దు. ఏ స్టేషనులో అయినా ఫిర్యాదు తీసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో ఇది స్పష్టంగా రాసి ఉంది. కేసు రాసిన కాగితాన్ని ఎఫ్.ఐ.ఆర్. అంటారు. దాని నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. చదివి చూసుకోండి. పేరు, వయసు, ఊరు సరిగా రాశారా? ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా!

ఫిర్యాదు మీరే రాయవచ్చు. ఇట్లా రాయండి:

తేదీ: ..............
పోలీసు స్టేషన్ అధికారి గారికి, గాంధారి.
అయ్యా,
నా పేరు .............. మా ఊరు .............. నా కొడుకు / బిడ్డ పేరు .............. వయసు ........ ఏండ్లు. ........ తేదీన ........ గంటలకు ఇంట్లో నుంచి పోయి తిరిగి రాలేదు. ఒంటి మీద ............ రంగు బట్టలు ఉన్నాయి. గుర్తులు: .............. ఫోను నంబరు: .............. ఫోటో ఇస్తున్నాను. వెతికి తెచ్చి ఇవ్వాలని కోరుతున్నాను.
ఇట్లు,
(సంతకం)

ఈ నంబర్లు గోడ మీద పెద్దగా రాసి పెట్టుకోండి:

1098 – పిల్లల కోసం. పగలూ రాత్రీ పనిచేస్తుంది. పైసలు పడవు. మన దేశంలో ఇది 1996 లో ముంబయిలో మొదలైంది. ఇప్పుడు ప్రభుత్వమే నడుపుతుంది.
100 లేదా 112 – పోలీసులు.
139 – రైల్వే.
181 – కష్టంలో ఉన్న ఆడవాళ్ల కోసం.
14416 – మనసు బాగా లేనప్పుడు మాట్లాడడానికి. ఇది 2022 లో వచ్చింది.

1098 మీకే కాదు, మీ పిల్లలకు కూడా నేర్పండి. కొందరు భయపడతారు. "పారిపోతే ఫోన్ చెయ్యమని మనమే నేర్పితే ఎట్ల?" అంటారు. ఈత నేర్పితే బావిలో దూకుతారా? పడినప్పుడు ఒడ్డుకు వస్తారు.

పిల్ల దొరికితే ఏం చేస్తారు? జైల్లో పెట్టరు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకుపోతారు. ఆ కమిటీ జిల్లాలో ఉంటుంది. వాళ్లు పిల్లతో మాట్లాడతారు. ఇల్లు క్షేమమైతే ఇంటికి పంపుతారు. ఇంట్లోనే ఆపద ఉందని పిల్ల చెప్తే వేరే చోట ఉంచి చదివిస్తారు.

మన రాష్ట్రంలో ప్రతి ఏడాది జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు, అధికారులు కలిసి తప్పిపోయిన పిల్లల కోసం, పనిలో ఉన్న పిల్లల కోసం వెతుకుతారు. ఫిర్యాదు రాసి ఉంటేనే, ఫోటో ఇచ్చి ఉంటేనే దొరికిన పిల్ల మన పిల్ల అని వాళ్లకు తెలుస్తుంది.

ఆడపిల్ల ఎవరి వెంటనో పోతే?

ఇది అన్నిటికన్నా కష్టమైన ముచ్చట. ఇక్కడ రెండు సంగతులు వేరు చేసి చూడాలి.

పిల్లకు 18 ఏండ్లు నిండలేదు అనుకోండి. తాను ఇష్టపడి పోయినా సరే, ఆ పిల్లను తాకినవాడిదే నేరం. 2012 లో వచ్చిన పోక్సో చట్టం ఇదే చెప్తుంది. పిల్ల మీద కోపంతో ఫిర్యాదు ఆపొద్దు. "మాకు అది సచ్చినట్టే" అనొద్దు. ఆ మాట ఆ పిల్ల చెవిన పడితే, తిరిగి రావాలనుకున్న పిల్ల కూడా రాదు.

18 నిండిన పిల్ల అనుకోండి. ఎవరితో బతకాలో తేల్చుకునే హక్కు ఆ పిల్లకు ఉంది. మనకు నచ్చకపోవచ్చు. ఏడుపు రావచ్చు. ఏడుద్దాం. కానీ కత్తి పట్టొద్దు. పెద్ద మనుషులు, కులపంచాయితీలు అందులో తలదూర్చరాదని 2018 లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో ఏమైందో విన్నారు. కులం తక్కువని, బిడ్డ పెళ్లి చేసుకున్న యువకుడిని కిరాయి మనుషులతో చంపించారు. బిడ్డ అప్పుడు గర్భవతి. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఏ పరువు నిలబడింది? ఒక ఇంట్లో కొడుకు పోయిండు. ఇంకో ఇంట్లో బిడ్డ గర్భంతోనే ముండమోసింది. ఎన్ని ఇండ్లు కూలినయో లెక్క పెట్టండి.

ముందే తెలుసుకోలేమా?

చాలాసార్లు తెలుసుకోవచ్చు. పిల్ల ఉన్నట్టుండి మాట్లాడడం మానేస్తుంది. అన్నం సరిగా తినదు. బడికి పోనంటుంది. ఒక మనిషి ఇంటికి వస్తే లేచి బయటికి పోతుంది. బట్టలు, సర్టిఫికెట్లు ఒక సంచిలో పెట్టుకుంటుంది. "నేను లేకపోతే మీకే మంచిది" అంటుంది. ఇవన్నీ గుర్తులు. ముఖ్యంగా ఆ చివరి మాట వింటే ఊరుకోవద్దు. పక్కన కూర్చోండి. ఒంటరిగా వదలొద్దు.

మీరు అనవచ్చు: "మాకు తీరిక ఏడిది?" నిజమే. పొద్దున లేస్తే చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చెయ్యాలి. లెక్క తప్పితే కార్ఖానాలో తీసుకోరు. పొలం పని, పశువుల పని ఉండనే ఉంది. మన దిక్కు చాలా ఇండ్లల్లో మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ పోయి ఉంటారు. పిల్లలకు నాయన అంటే ఫోనులో గొంతే. తల్లే తల్లి, తల్లే తండ్రి. అట్లాంటప్పుడు పిల్ల పోతే ఊరు ఏమంటది? "తల్లి సరిగ చూసుకోలేదు" అంటది. అది అన్యాయం. బరువు ఇద్దరిది, నింద ఒక్కదానికా?

రోజంతా తీరిక అక్కర లేదు. రోజుకు పావుగంట చాలు. బీడీ చుట్టుకుంటూనే అడగొచ్చు. "మార్కులు ఎన్ని?" అని కాదు. "ఇయ్యాల నీకు ఏమైంది బిడ్డా?" అని. అడిగి ఊరుకోవాలి. పిల్ల చెప్పేదాకా ఆగాలి. చెప్పినంక వెంటనే తిట్టొద్దు. ఒక్కసారి తిడితే ఇంకోసారి చెప్పదు.

తల్లికి చెప్పలేనిది పిల్ల ఇంకొకరికి చెప్పొచ్చు. అమ్మమ్మకు, పెద్దమ్మకు, టీచరమ్మకు, అంగన్‌వాడీ అక్కకు. అట్లాంటి ఒక్క మనిషి ప్రతి పిల్లకూ ఉండాలి. మీ సంఘంలో ఉన్న పదిమందిలో ఎవరికి ఏ పిల్ల దగ్గరో మాట్లాడుకోండి. ఇందుకు పైసలు అక్కర లేదు, తీర్మానం అక్కర లేదు.

తిరిగి వచ్చిన రోజు

చివరి మాట చెప్పి ముగిస్తా.

పిల్ల తిరిగి వస్తుంది. గడప బయట నిలబడుతుంది. కాళ్లకు దుమ్ము, ముఖం వాడిపోయి ఉంటుంది. మనకు ఏం వస్తుంది? ముందు ఏడుపు వస్తుంది. వెంటనే కోపం వస్తుంది. "ఎక్కడ తిరిగొచ్చినవ్? ఏ మొఖం పెట్టుకుని వచ్చినవ్?" అనే మాట నాలుక మీదికి వస్తుంది.

ఆ మాట మింగండి.

"కాళ్లు కడుక్కో. అన్నం తిను." ముందు ఇదే అనండి. ఆ రాత్రి ఏమీ అడగొద్దు. పండుకోనివ్వండి. చుట్టాలు వచ్చి చుట్టూ మూగితే పంపించండి. రెండు రోజులు ఆగి, పిల్ల తానే చెప్పేటట్టు చెయ్యండి. దెబ్బలు, గాయాలు ఉంటే దవాఖానకు తీసుకుపోండి. బడి పోయి ఉంటే మళ్లీ చేర్పించండి. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లల కోసం కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. అక్కడే ఉండి చదువుకోవచ్చు.

ఎందుకు పోయిందో తెలిసినంక, ఆ కారణాన్ని ఇంట్లో నుంచి తియ్యాలి. తాగుడైతే తాగుడును. పెళ్లి అయితే ఆ సంబంధాన్ని. పాడు చెయ్యి వేసినవాడైతే వాడిని. కారణం అట్లనే ఉంచి పిల్లకు కాపలా పెడితే, కాపలా కన్ను మూసిన రోజు మళ్లీ పోతుంది.

ఊరికి కూడా ఒక మాట. తిరిగి వచ్చిన పిల్లను చూసి గుసగుసలాడొద్దు. ఆ పిల్ల బోరింగు దగ్గరికి వస్తే బిందె పట్టండి. మీ బిడ్డను పలకరించినట్టే పలకరించండి.



చదివారు కదా! ఇప్పుడు మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఇల్లు విడిచి పోయిన పిల్ల గురించి ఊరు ఏమన్నది? అసలు కారణం ఏమై ఉంటుంది?
2. పిల్ల కనపడకపోతే ఒక రోజు ఆగాలా? ఎందుకు ఆగరాదు?
3. 1098 ఎవరి కోసం? ఈ నంబరు మీ ఇంటి గోడ మీద రాయండి.
4. పైన ఉన్న ఫిర్యాదును మీ నోటు పుస్తకంలో చూసి రాయండి.
5. ఇయ్యాల రాత్రి మీ పిల్లల పక్కన పావుగంట కూర్చోండి. వాళ్లు ఏం చెప్పారో మనసులో ఉంచుకోండి. నలుగురిలో చెప్పొద్దు.